కోళ్లగూటి నుంచి మళ్లీ పట్టాల మీదికి

2013 జనవరి 13న లండన్ భూగర్భ రైలు స్టేషన్లలో మళ్లీ బొగ్గు పొగ వాసన వచ్చింది. పాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ దాకా ప్రపంచంలోనే తొలి భూగర్భ రైలు నడిచి అప్పటికి 150 ఏళ్లు నిండాయి. ఆ సందర్భంగా 1898లో తయారైన ‘మెట్రోపాలిటన్ నంబర్ 1’ ఆవిరి ఇంజన్‌ను సొరంగాల్లో నడిపారు. ప్లాట్‌ఫారాల మీద కిక్కిరిసిన జనం ఇంజన్ వైపే కెమెరాలు ఎక్కుపెట్టారు. దాని వెనక నడిచిన టేకు పెట్టెలు మాత్రం ఆ సొరంగాల దాకా చాలా తిరుగుడు దారిలో వచ్చాయి.

వాటిలో నాలుగు పెట్టెలు 1898–1900 మధ్య మెట్రోపాలిటన్ రైల్వే కోసం కట్టినవి. మొదట ఆవిరి ఇంజన్ల వెనక తిరిగాయి. లైన్లకు కరెంటు వచ్చాక వాటిని కరెంటు రైళ్లుగా మార్చారు. 1940 ప్రాంతంలో తిరిగి ఆవిరి ఇంజన్‌కే తగిలించి, లండన్‌కు వాయవ్యంగా ఉన్న చెషమ్ అనే ఊరి బ్రాంచి లైన్లో తిప్పారు. 1960 సెప్టెంబరులో అక్కడికీ కరెంటు వచ్చేసరికి అరవై ఏళ్ల ఆ పెట్టెలకు పనిలేకుండా పోయింది. ఐదో పెట్టె నంబరు 353. 1892లో మొదటి తరగతి ప్రయాణికుల కోసం కట్టారు. 1907లో సోమర్‌సెట్ తీరంలోని ఒక చిన్న రైల్వే కంపెనీకి అమ్మారు. 1940లో ఆ కంపెనీ మూతపడ్డాక చక్రాలు పోయాయి, మిగిలిన చెక్క డొక్కు దుకాణంగా మారి దశాబ్దాలు నిలబడింది.

మొదటి నాలుగింటినీ సస్సెక్స్‌లోని బ్లూబెల్ రైల్వే వాలంటీర్లు మళ్లీ నడిచే స్థితికి తెచ్చారు. 353ను వేల్స్‌లోని ఫెస్టీనియోగ్ రైల్వే వారి బోస్టన్ లాడ్జ్ వర్క్‌షాపులో జాతీయ లాటరీ నిధి సాయంతో బాగుచేశారు. నూరేళ్లు దాటిన చెక్క పెట్టెలు లండన్ నగరం కింద ప్రయాణికులతో నడిచాయంటే ఆ ఘనత మొదట ఈ వర్క్‌షాపులదే.

రైలు చరిత్ర అనగానే ఇంజన్ గుర్తొస్తుంది. ఇంజన్‌కు పేరుంటుంది, పిల్లల కథల్లో చోటుంటుంది. కానీ ఇంజన్ మీద ఇద్దరు మనుషులు ఉంటే పెట్టెల్లో వందల మంది ఉండేవారు. ఎవరు ఎవరి పక్కన కూర్చోవచ్చు, ఎవరికి మెత్తటి పరుపు, ఎవరికి ఒట్టి బల్ల, రాత్రి పూట దీపం ఉంటుందా, ఆపదలో రైలు ఆపమని అడిగే వీలుందా, ఇలాంటివన్నీ రాసి ఉన్నది పెట్టె గోడల మీదే. సామాన్యుడి ప్రయాణం ఎలా సాగేదో తెలియాలంటే చూడవలసింది ఆ పెట్టెనే. చాలాకాలం దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. తరవాత పట్టించుకున్నవాళ్లలో ఎక్కువ మంది జీతం తీసుకోని మనుషులు.

రైలును వాలంటీర్లే నడపవచ్చన్న ఆలోచన వేల్స్‌లో మొదలైంది. కొండల్లోని పలకరాయి గని నుంచి సముద్రతీరంలోని టవిన్ ఊరికి 1865లో వేసిన సన్న పట్టాల లైను టాలిలిన్ రైల్వే. గని మూతపడ్డా, తన ప్రాణం ఉన్నంతవరకు రైలు ఆగదని దాని యజమాని సర్ హెన్రీ హేడన్ జోన్స్ మాట ఇచ్చి, చేతి డబ్బుతో నడిపారు. 1950 జూలైలో ఆయన కన్నుమూశారు. అదే ఏడాది అక్టోబరు 11న రచయిత, ఇంజనీరు ఎల్.టి.సి. రోల్ట్, ఆయన మిత్రులు బర్మింగ్‌హామ్‌లో ఒక హోటల్లో సభ పెట్టి, లైనును నడపడానికి సంఘం కట్టారు. 1951 మే 14న వాలంటీర్ల చేతుల మీదుగా తొలి రైలు కదిలింది. ప్రపంచంలో ఇలా ఔత్సాహికులు కాపాడుకుని నడిపిన మొదటి రైల్వే ఇదే.

టాలిలిన్‌కు మొదట్లో ఉన్న నాలుగు చిన్న పెట్టెలూ, ఒక గార్డు పెట్టే ఇప్పటికీ ఉన్నాయి. వాటికి తలుపులు ఒక పక్కనే తెరుచుకుంటాయి. కారణం 1866 నాటిది. ప్రయాణికుల రైలుకు అనుమతి ఇచ్చే ముందు ప్రభుత్వ తనిఖీ అధికారి కెప్టెన్ టైలర్ లైను చూడటానికి వచ్చారు. వంతెనల కింద గోడకీ పెట్టెకీ మధ్య చాలినంత జాగా లేదని గమనించారు. దారిలో రైలు ఆగిపోతే మనుషులు దిగలేరు. వంతెనలు పడగొట్టి కట్టే స్తోమత కంపెనీకి లేదు. అందుకని పట్టాలను ఒక పక్కకి జరిపి, రెండో పక్క తలుపులను శాశ్వతంగా మూసేశారు. ఆనాడు కట్టిన వంతెనలు ఇరుకైతే, దాని గుర్తు ఈనాటికీ పెట్టె తలుపులో కనిపిస్తోంది.

పెద్ద పట్టాల మీద ఇదే పని చేసి చూపించినది బ్లూబెల్ రైల్వే. దాని పుట్టుక వెనక ఒక చట్టం, ఒక మొండి మహిళ ఉన్నారు. లూయిస్ నుంచి ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌కు 1882లో మొదలైన ఈ లైనును నష్టాలొస్తున్నాయని బ్రిటిష్ రైల్వేస్ 1955 మేలో మూసేసింది. అక్కడి నివాసి మ్యాడ్జ్ బెస్సెమర్ పాత కాగితాలు తిరగేశారు. 1870ల చివర ఈ లైనుకు అనుమతి ఇచ్చిన చట్టంలో, రోజుకు నాలుగు రైళ్లు ఫలానా స్టేషన్లలో ఆగి నడవాలన్న షరతు ఆమె కంట పడింది. పార్లమెంటు చేసిన చట్టాన్ని పార్లమెంటే రద్దు చేయాలి. 1956 ఆగస్టు 7న బ్రిటిష్ రైల్వేస్ విధిలేక రైళ్లు తిరిగి మొదలుపెట్టింది. చట్టంలో పేరు లేని స్టేషన్లలో మాత్రం ఆపలేదు. చివరకు ఆ షరతును రద్దు చేయించుకుని 1958 మార్చిలో లైనును రెండోసారి మూసేసింది.

ఈ గొడవ పత్రికల్లో బాగా నలిగింది. 1959 మార్చిలో హేవర్డ్స్ హీత్‌లో కొందరు కుర్రవాళ్లు సభ పెట్టి, లైనును తామే నడుపుతామన్నారు. మరుసటి ఏడాది మే 17న ‘స్టెప్నీ’ అనే చిన్న ఇంజన్ రెండు పాత పెట్టెలను లాక్కుంటూ షెఫీల్డ్ పార్క్ చేరింది. 1960 ఆగస్టు 7న, అంటే బెస్సెమర్ పట్టుదలతో రైలు తిరిగొచ్చిన తేదీనే, వాలంటీర్ల రైలు నడిచింది. చెషమ్ లైన్లో పని పోయిన ఆ నాలుగు పెట్టెలను 1961లో కొన్నది వీళ్లే. అప్పటికి అవి పాత పెట్టెలు, చవగ్గా దొరికాయి, వెంటనే జనాన్ని ఎక్కించి తిప్పడానికి పనికొచ్చాయి. అరిగిపోయేదాకా తిప్పి, తరవాత పక్కన పెట్టారు. వాటిని చట్రం నుంచి పైకప్పు దాకా విప్పి కట్టే శక్తి, నైపుణ్యం సమకూరడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

అదే కాలంలో ఇంజన్లకు అదృష్టం మరోలా కలిసొచ్చింది. బ్రిటిష్ రైల్వేస్ తీసిపారేసిన ఆవిరి ఇంజన్లు 297 దాకా దక్షిణ వేల్స్‌లోని బారీ పట్టణంలో డై వుడ్‌హామ్ అనే తుక్కు వ్యాపారి దొడ్డికి చేరాయి. ఆయన ముందుగా పాత గూడ్సు పెట్టెలను ముక్కలు చేసే పని పెట్టుకున్నాడు. ఇంజన్లు ఏళ్ల తరబడి అలాగే నిలబడిపోయాయి. 1968 నుంచి అభిమానులు ఒక్కొక్కటే కొనుక్కుపోతూ మొత్తం 213 ఇంజన్లను కాపాడారు. ఉక్కు తుప్పు పడుతుంది గాని, పడి ఉంటుంది.

చెక్కకు ఆ అవకాశం లేదు. 1951 నుంచి ‘మార్క్ 1’ అనే ఉక్కు పెట్టెలు రావడంతో చెక్క పెట్టెలను వేల సంఖ్యలో తప్పించారు. తుక్కు దొడ్డిలో టేకు, మహాగని పలకలను వలవడం కంటే పెట్టెకు నిప్పు పెట్టడం తేలిక. చెక్క కాలిపోయాక చట్రం, చక్రాలు, ఇత్తడి ఏరుకునేవారు. ఒక వడ్రంగి తరం చేసిన పనితనం మధ్యాహ్నానికల్లా బూడిదయ్యేది.

మరి విక్టోరియా కాలం నాటి పెట్టెలు అసలెలా మిగిలాయి? జవాబు పెరళ్లలో, సముద్రతీరాల్లో ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచే రైల్వే కంపెనీలు కాలం చెల్లిన పెట్టెల ఇనుమును అట్టేపెట్టుకుని, చెక్క డొక్కులను చవగ్గా అమ్మేసేవి. రైతులు వాటిని కొని కోళ్లగూళ్లుగా, ధాన్యం కొట్టాలుగా వాడుకున్నారు. ఇల్లు కట్టుకునే స్తోమత లేనివాళ్లు రెండు పెట్టెలను ఎదురెదురుగా పెట్టి, మధ్యలో కప్పు వేసి కాపురం పెట్టారు. సస్సెక్స్ తీరంలో షోరమ్ దగ్గర ఇలాంటి ఇళ్లతో ‘బంగళా టౌన్’ అనే ఊరే వెలిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో తీర రక్షణ కోసం దాన్ని చాలావరకు తొలగించారు. పాగమ్, సెల్సీ ప్రాంతాల్లో గోడల మధ్య రైలు పెట్టె దాగిన ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఐల్ ఆఫ్ వైట్ దీవిలో సెయింట్ హెలెన్స్ తీరాన సెలవుల గుడిసెలూ పాత పెట్టెలే.

ఆ ఇంటివాళ్లు చరిత్రను కాపాడుతున్నామని అనుకోలేదు. వాన కారకుండా పెట్టె మీద మరో కప్పు వేశారు, చలికి గోడల మీద గోడకాగితం అంటించారు, బయట సిమెంటు పలకలు కొట్టారు. అవే చెక్కను కాపాడాయి. అరవై, డెబ్బై ఏళ్ల తరవాత ఇల్లు కూల్చే రోజున ఆ పొరలు తీస్తే లోపల తలుపుల మీద తరగతి సంఖ్య, కిటికీల తోలుపట్టీ బిగించిన గుర్తులు, కొన్నిచోట్ల పాత రంగు సైతం బయటపడ్డాయి. బ్లూబెల్‌లోనూ ఐల్ ఆఫ్ వైట్ స్టీమ్ రైల్వేలోనూ ఇవాళ నడుస్తున్న నాలుగు చక్రాల పెట్టెల్లో చాలావాటిది ఇదే కథ.

పెట్టె వర్క్‌షాపుకు వచ్చేది లారీ మీద. చక్రాలుండవు, చట్రం ఉండదు. ఐల్ ఆఫ్ వైట్ వాళ్లు దీనికో ఉపాయం కనిపెట్టారు. బ్రిటన్‌లోని పాత సదరన్ రైల్వే కంపెనీ కాలపు పార్సిల్ వ్యాన్లకు కూడా నాలుగు చక్రాలే. వాటి ఉక్కు చట్రాన్ని కావలసిన పొడవుకు కోసి, అతికి, దాని మీద పాత డొక్కును కూర్చోబెట్టారు. ఆ పద్ధతి ఇతర చోట్లకూ పాకింది.

హార్స్‌టెడ్ కీన్స్ స్టేషన్ పక్కన ఉన్నది బ్లూబెల్ వారి పెట్టెల వర్క్‌షాపు. ఇలాంటి షెడ్లలో పనిచేసేవాళ్లలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, ఇంజనీర్లు, ఇంకా కాలేజీ చదువుల్లో ఉన్నవాళ్లు కనిపిస్తారు. కొద్దిమంది జీతగాళ్లు కూడా ఉంటారు. బ్రిటన్‌లో ఇలా కాపాడుకుని నడుపుతున్న ‘వారసత్వ రైల్వే’లకు శ్రమదానం చేసేవారు మొత్తం 20,000కు పైగా ఉంటారని ఆ రైల్వేల సంఘం లెక్క. వాళ్లలో వడ్రంగం వంశపారంపర్యంగా వచ్చినవాళ్లు అరుదు. షెడ్డుకు వచ్చాకే ఉలి పట్టినవాళ్లు ఎక్కువ.

పని మొదలయ్యేది విప్పడంతో. విప్పే ప్రతి ముక్కకూ నంబరు వేస్తారు, ఫొటో తీస్తారు, కొలత రాసుకుంటారు. తరవాత జబ్బు ఎక్కడుందో చూస్తారు. చెక్క పెట్టెకు చావు పాదాల నుంచి వస్తుంది. గోడల అడుగున పొడవునా ఉండే దూలం, తలుపుల కింది పట్టీ, మూల స్తంభాల కాళ్లు నీరు నిలిచే చోట్లు. పైన మహాగని పలక అద్దంలా మెరుస్తున్నా, అడుగున వేలితో పొడిస్తే చెక్క పొడిపొడిగా రాలుతుంది. కుళ్లినంత మేర కోసి, అదే జాతి కొత్త చెక్కను ఏటవాలు అతుకుతో కలుపుతారు. ఒక చెక్క కొసను మరో చెక్క బెజ్జంలోకి దించి బిగించే పాత అతుకులు పాత పద్ధతిలోనే చేస్తారు. నడిచే రైలులో పెట్టె మెలిపడుతూ ఉంటుంది, మేకులతో కొట్టిన చట్రం ఆ మెలికలకు నిలవదు.

గోడల ఆకారంలోనే ఒక చరిత్ర ఉంది. తొలినాటి రైలు పెట్టెలను గుర్రపు బగ్గీలు చేసే పనివాళ్లే తయారుచేశారు. కిందికి వచ్చేసరికి గోడ లోపలికి వంగడం, పలకల అంచులు గుండ్రంగా ఉండటం, అతుకుల మీద సన్నని పట్టీలు వేయడం వాళ్ల దగ్గర నుంచి వచ్చినవే. ఆ వంపు కోసం పలకను తడిపి, వేడిచేసి, కొద్దికొద్దిగా వంచి బిగిస్తారు. తొందరపడితే పలక చీలుతుంది. పైకప్పు మీద చెక్క పలకలు పరిచి, చిక్కటి రంగు పూసి, దాని మీద ముడత లేకుండా కాన్వాసు లాగి బిగిస్తారు. పూర్వం సీసం కలిసిన తెల్లరంగు వాడేవారు. సీసం విషం కాబట్టి ఇప్పుడు బదులు రంగులు వచ్చాయి. పాత రంగు గోకేటప్పుడు మాస్కులు లేకుండా ఎవరూ ఆ పని ముట్టరు.

లోపలి పని మరో ప్రపంచం. సీటు అడుగున స్ప్రింగులు, వాటి మీద గుర్రపు వెంట్రుకల పొర, ఆ పైన నూలు గుడ్డ, అన్నిటి మీద బొచ్చు బట్ట. పైకప్పు లోపలి వైపు లిన్‌క్రస్టా అనే ఉబ్బెత్తు నగిషీల అట్ట. దీన్ని లినోలియం కనిపెట్టిన ఫ్రెడరిక్ వాల్టన్ 1877లో కనిపెట్టారు. సామాన్లు పెట్టే వల, ఇత్తడి గొళ్లేలు, కిటికీ రెక్కను ఎత్తి దించే తోలుపట్టీ, సీట్ల పైన సముద్రతీర పట్టణాల ఫొటోలు. పోయిన గొళ్లేన్ని మళ్లీ చేయాలంటే మిగిలిన ఒకదాన్ని చూసి మూస తయారుచేసి పోత పోయించాలి. ఆ మిగిలిన ఒక్కటీ లేకపోతే పాత డ్రాయింగులు వెతకాలి, లేదా అదే కాలపు మరో పెట్టె ఎక్కడుందో చూసి కొలిచి రావాలి. ఇందుకు సాయపడేది యార్క్‌షైర్‌లోని వింటేజ్ క్యారేజెస్ ట్రస్టు. 1965లో మొదలైన ఈ సంస్థ వాలంటీర్లు దేశమంతటా మిగిలిన వేలాది పాత పెట్టెలను నమోదు చేసి, ఏది ఎక్కడ ఏ స్థితిలో ఉందో జాబితా నిర్వహిస్తున్నారు.

ఒక పెట్టెను పొరపొరగా విప్పితే బ్రిటన్ రైలు చట్టాలన్నీ వరసగా బయటపడతాయి. 1841 డిసెంబరు 24 తెల్లవారుజామున రెడింగ్ దగ్గర సోనింగ్ గండిలో మట్టిచరియ పడి గ్రేట్ వెస్టర్న్ రైలు పట్టాలు తప్పింది. మూడో తరగతి ప్రయాణికులు కప్పులేని బండ్లలో ఉన్నారు, వాళ్లలో పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1844లో వచ్చిన చట్టం ప్రతి లైనులో రోజుకు ఒక రైలైనా మైలుకు ఒక పెన్నీ చార్జీతో నడవాలనీ, ఆ పేదల పెట్టెకూ ఎండావానల నుంచి రక్షణ ఉండాలనీ చెప్పింది. మూడో తరగతికి కప్పు అలా వచ్చింది.

1864 జూలైలో లండన్‌లో థామస్ బ్రిగ్స్ అనే బ్యాంకు అధికారిని రైలు గదిలోనే కొట్టి బయటకు తోసేశారు. నేరస్థుడు ఫ్రాంజ్ ముల్లర్‌ను ఉరితీశారు. బ్రిటన్‌లో రైల్లో జరిగిన మొదటి హత్య అదే. అప్పట్లో గదికీ గదికీ మధ్య దారి లేదు, గార్డును పిలిచే మార్గం లేదు. భయపడిన కొన్ని కంపెనీలు గదుల మధ్య గోడలో చిన్న గుండ్రటి అద్దపు కిటికీలు పెట్టాయి. వాటికి ముల్లర్ పేరే స్థిరపడింది. 1868 చట్టం దూరప్రయాణపు రైళ్లలో సిబ్బందిని పిలిచే ఏర్పాటు ఉండి తీరాలంది. ఇవాళ మన రైళ్లలో లాగే గొలుసుకు మూలం అక్కడే.

1889 జూన్ 12న ఐర్లండ్‌లోని అర్మా దగ్గర బడిపిల్లల విహారయాత్ర రైలు ఎత్తు ఎక్కలేక ఆగింది. దాన్ని రెండుగా విడదీసినప్పుడు వెనక పెట్టెలు బ్రేకు పట్టక పల్లానికి జారి, వెనక నుంచి వస్తున్న మరో రైలును గుద్దుకున్నాయి. సుమారు 80 మంది చనిపోయారు. కొద్దివారాల్లోనే, పెట్టెలన్నిటికీ కలిపి పనిచేసే, గొట్టం తెగితే దానంతటదే పడే బ్రేకును చట్టం తప్పనిసరి చేసింది. 1915 మే 22న స్కాట్లండ్‌లో క్వింటిన్స్‌హిల్ వద్ద సైనికుల రైలు ఢీకొన్నప్పుడు గ్యాసు దీపాల పెట్టెలు అంటుకుని 200 మందికి పైగా బలయ్యారు. చెక్క పెట్టె, గ్యాసు దీపం కలిసి ఉండకూడదన్న మాట ఆ తరవాత బలపడింది. ఒక్కో పెట్టెలో నూనెదీపం కోసం కప్పుకు వేసిన రంధ్రం, దాన్ని మూసి గ్యాసు గొట్టం వేసిన జాడ, ఆ పైన కరెంటు తీగ నడిపిన జాడ, మూడూ దొరుకుతాయి.

తలుపు మీద అంకె కూడా చట్టంలాగే మాట్లాడుతుంది. 1875లో మిడ్లాండ్ రైల్వే రెండో తరగతిని ఎత్తేసి, మూడో తరగతి బల్లలకు పరుపులు వేసింది. మిగతా కంపెనీలు గొణుక్కుంటూనే అదే దారి పట్టాయి. ఫలితంగా బ్రిటన్‌లో ఎన్నో ఏళ్లు ఒకటో తరగతి, మూడో తరగతి ఉండి మధ్యది కనిపించలేదు. 1956లో మూడు అన్న అంకెను చెరిపి రెండు అని రాశారు. మన దేశంలో మూడో తరగతి రద్దయింది 1974లో.

ఈ పెట్టెల చెక్క ఎక్కడిది అన్న ప్రశ్న తెలుగు పాఠకుడిని దగ్గరి చోటికే తీసుకొస్తుంది. మంచి టేకు అప్పట్లో బర్మా నుంచి వెళ్లేది. అడవుల్లో ఏనుగులు దుంగలను ఏటికి లాగితే, అవి ఐరావతి, సాల్వీన్ నదుల్లో తేలుతూ రంగూన్, మౌల్మెయిన్ రేవులకు చేరేవి. టేకు వ్యాపారంలో ఉన్న బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్‌కు బర్మా రాజు తీబా విధించిన జరిమానా 1885 యుద్ధానికి సాకు అయింది, రాజ్యం ఆంగ్లేయుల వశమైంది. ఆ రేవుల్లో, మిల్లుల్లో చెమటోడ్చిన కూలీల్లో పెద్ద భాగం గోదావరి, విశాఖ జిల్లాల నుంచి వలసపోయిన తెలుగువాళ్లు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుమీద అక్కడివాళ్లు వీరిని ‘కోరంగీ’లని పిలిచేవారు.

టేకులో నూనె ఉంటుంది, చెదలు దరిచేరవు, ఉప్పుగాలికీ తట్టుకుంటుంది. రిచర్డ్ మాన్సెల్ పేటెంటు చేసిన చక్రంలో ఇనుప కేంద్రానికీ అంచున ఉండే ఉక్కు పట్టీకీ మధ్య 16 టేకు ముక్కలుండేవి, చప్పుడు తగ్గేది. లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వేలో ప్రధాన ఇంజనీరు సర్ నైజల్ గ్రెస్లీ హయాంలో పెట్టెల బయటి గోడలకు రంగు వేయకుండా టేకు మీద వార్నిష్ కొట్టి వదిలేవారు. ఆయన తరవాత ఎడ్వర్డ్ థాంప్సన్ కాలంలో ఉక్కు రేకులు వచ్చినా, పాత అందం పోకూడదని రేకుల మీద టేకు నారలను కుంచెతో గీయించారు. గ్రెస్లీ టేకు పెట్టెలను సెవర్న్ వ్యాలీ రైల్వే, నార్త్ యార్క్‌షైర్ మూర్స్ రైల్వే వాలంటీర్లు రైళ్లుగా కూర్చి నడుపుతున్నారు. ఆ మెరుపు కోసం ఒక పూత ఆరాక రుద్ది, మరో పూత వేసి, ఎన్నోసార్లు తిరిగి చేస్తారు. ఎండకు వార్నిష్ పాడైతే మొదటికి రావలసిందే. 2021 సైనిక తిరుగుబాటు తరవాత మయన్మార్ ప్రభుత్వ కలప సంస్థపై బ్రిటన్ ఆంక్షలు పెట్టడంతో, పాత పెట్టె నుంచి ఊడివచ్చిన టేకు ముక్కకు ఇప్పుడు మరింత విలువ ఏర్పడింది.

ఇంత చేశాక ఒక చిక్కు ప్రశ్న మిగులుతుంది. పెట్టెను ఏ ఏటి రూపానికి తేవాలి? చెషమ్ పెట్టెలనే తీసుకుంటే, పుట్టినప్పటి రూపమా, కరెంటు రైలుగా ఉన్న రూపమా, 1940ల బ్రాంచి లైను రూపమా? నూనెదీపం పెడితే గ్యాసు కాలం చెరిగిపోతుంది. ఇల్లుగా మారిన పెట్టె అయితే ఆ దశాబ్దాల జాడలు, పిల్లలు గీసిన గీతలు, వంటింటి పొగ మరకలు, ఇవీ చరిత్రే కదా? మ్యూజియంలో నిలబెట్టే పెట్టె అయితే ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచవచ్చు. జనాన్ని ఎక్కించుకునే పెట్టె ఇరుసు పరీక్ష నెగ్గాలి, బ్రేకు పడాలి, తలుపు తెరుచుకోకూడదు. కుళ్లిన దూలం పురాతనమైనదని వదిలేస్తే మనిషి ప్రాణానికి ముప్పు. అందుకే మంచి వర్క్‌షాపులు మరమ్మతూ చేస్తాయి, ఆధారాలూ దాస్తాయి. మార్చినది ఎక్కడ మార్చారో రాసి పెడతాయి, తీసేసిన పాత ముక్కల్లో నమూనాలు దాస్తాయి, గీకిన రంగు పొరల వరసను నమోదు చేస్తాయి. తరవాతి తరం వేరే నిర్ణయం తీసుకోవాలనుకుంటే ఆధారాలు మిగులుతాయి.

వీటికి డబ్బు టిక్కెట్ల నుంచి, విరాళాల నుంచి, 1994లో మొదలైన జాతీయ లాటరీ వారసత్వ నిధి నుంచి వస్తుంది. సినిమాలూ ఆదుకున్నాయి. 1970 నాటి ‘ది రైల్వే చిల్డ్రన్’ను కీలీ అండ్ వర్త్ వ్యాలీ రైల్వేలో తీశారు. ‘డౌన్‌టన్ ఆబీ’ సీరియల్లో ఆ పేరుతో కనిపించే స్టేషన్ హార్స్‌టెడ్ కీన్సే. అయితే ఎంత డబ్బు పెట్టి బాగుచేసిన పెట్టెనైనా ఆరుబయట నిలిపితే కొన్ని శీతాకాలాల్లో వాన తినేస్తుంది. ఈ పాఠం నేర్చుకుని బ్లూబెల్ వాళ్లు ‘ఆపరేషన్ అండర్‌కవర్’ పేరుతో నిధులు పోగుచేసి, హార్స్‌టెడ్ కీన్స్‌లో పెట్టెలు నిలిపే పెద్ద షెడ్డు కట్టుకున్నారు. మరమ్మతు కంటే కప్పు ముఖ్యమని కోళ్లగూళ్ల చరిత్ర అప్పటికే చెప్పింది.

ఇక మనుషుల సంగతి. చాలా షెడ్లలో తల నెరిసినవాళ్లదే మెజారిటీ, పిల్లలను చేర్చుకుందామంటే ఒక పాత చట్టం అడ్డొచ్చింది. గనుల్లో, కర్మాగారాల్లో, రైల్వేల్లో పిల్లల చేత పని చేయించకూడదని 1920లో వచ్చిన చట్టం శ్రమదానానికీ వర్తిస్తుందని న్యాయ సలహా వచ్చింది. ఆ సలహా ప్రకారం బడి వయసు పిల్లలు వారసత్వ రైల్వేలో తుడుపుగుడ్డ పట్టినా అది చట్టవిరుద్ధమే. బాలకార్మికులను కాపాడిన మంచి చట్టం అది, దాన్ని నీరుగార్చమని ఎవరూ అడగడం లేదు. పెద్దల పర్యవేక్షణలో ఇష్టంతో నేర్చుకునే పిల్లలకు మినహాయింపు కావాలని వారసత్వ రైల్వేల సంఘం అధ్యక్షులు లార్డ్ ఫాక్‌నర్ పార్లమెంటులో బిల్లు పెట్టారు. పన్నెండేళ్ల వయసులో షెడ్డుకు వచ్చిన పిల్లాడే ముప్పై ఏళ్లకు ఆ షెడ్డును నడిపే మేస్త్రీ అవుతాడని ఈ రంగంలోని వాళ్లు గట్టిగా నమ్ముతారు.

వాళ్ల అవసరం రోజురోజుకూ పెరుగుతోంది. చెక్క పెట్టెలను పక్కకు నెట్టిన మార్క్ 1 పెట్టెలకు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లు. వారసత్వ లైన్లలో రోజువారీ బరువంతా మోసేవి అవే, కుటుంబాలు టిక్కెట్లు కొని ఎక్కేవీ ఎక్కువగా అవే. వాటి ఉక్కు గోడలు కిటికీల కింద, తలుపుల అడుగున తుప్పు పట్టి చిల్లులు పడుతున్నాయి. చాలావాటి గోడల్లో ఆస్‌బెస్టాస్ ఉండటంతో దాన్ని నిపుణుల చేత తీయించాకే వాలంటీర్లు చేయి పెట్టాలి. చిత్రికకూ ఉలికీ అలవాటుపడిన షెడ్లకు రేకు కోసేవాళ్లు, వెల్డింగ్ చేసేవాళ్లు కావాలి. చాలా రైల్వేలు ఇప్పటికే ఆ పని నేర్పడం మొదలుపెట్టాయి. చేరడానికి ముందు అనుభవం అడగరు, వారానికో రోజు వచ్చి, తుప్పు గోకడంతో మొదలుపెడితే చాలు.